గున్నమ్మ తిరగదోడిన పంపకం

ఆదాయపు పన్ను శాఖవాళ్లు ఈ దేశంలో ఎవరింటికైనా చెప్పాపెట్టకుండా వెళ్తారు గానీ, మెరకపేట రేవుకి మాత్రం గున్నమ్మని అడక్కుండా రారు. వచ్చినా చెప్పులు విడిచి ఇసకలో నిలబడతారు. ఆవిడ బుట్ట దించి, నడుం మీద చెయ్యేసుకుని, "ఏటి బాబూ, నీ వాటా ఎంత?" అని అడిగేసరికి వాళ్ల చేతుల్లో ఫైళ్లు చెమటకి తడిసిపోతాయి. ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు తన వాటా తగ్గిందని గునిస్తే, రెండు కవళ్ల చేపలు ఎక్కువేసి పంపించేసిందనీ, ఆయన ఆ పులుసు తిన్నాక ఫైలు మూసేసి వాంతులైనా లేకుండా వారం పడుకున్నాడనీ శ్రీకాకుళం బస్సుల్లో చెప్పుకుంటారు.

నమ్మనివాళ్లు నమ్మకండి. మెరకపేటలో ఇందులో సగం నిజమని ఒట్టేసేవాళ్లు పగలు దొరుకుతారు. మిగతా సగం కూడా నిజమేననేవాళ్లు సాయంత్రం కల్లు దుకాణం తెరిచాక దొరుకుతారు.

గున్నమ్మకి యాభై దాటాయి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆవిడ ఒడ్డున చేపలకి వేలం పాడితే, ఇంకా నీళ్ల మీదున్న తెప్పలవాళ్లు ధర విని, అక్కడే సంతోషపడో ఏడ్చో ఒడ్డుకి చేరేవారు. కానీ ఆవిడకి పేరు తెచ్చింది వేలం కాదు, వాటాలు.

మెరకపేటలో తెప్ప మీద వచ్చిన సొమ్ము పంచడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజినుకి పోసిన ఆయిలు ఖర్చు ముందే తీసేస్తారు. తరవాత తెప్పకి ఒక వాటా, వలకి ఒక వాటా. మిగిలింది తాడు లాగిన చేతులకి. ఎవడి కొడుకు, ఎవడి అల్లుడు అన్న విచారణ అక్కడ లేదు. లాగినవాడిది వాటా. లాగనివాడు తెప్ప యజమానికి సొంత తమ్ముడైనా ఉత్త చేతుల్తో ఇంటికి పోవలసిందే. ఈ పద్ధతి ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. తెలిసి కూడా రోజూ కొట్టుకునేవారు.

గున్నమ్మ కోడలుగా వచ్చిన కొత్తలో రెండు తెప్పల వలలు నీళ్లలో మెలిపడి, ఒకే గుంపు చేపలు రెండిట్లోనూ పడ్డాయి. ఒడ్డుకి లాగేసరికి ఎవరివి ఎవరివో తెలియదు. తెడ్లు లేచాయి. కొత్త కోడలు నడిచి వెళ్లి, ఆ చేపల కుప్ప మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. "నన్ను లేపినోడిదే కుప్ప. ఎవలు లేపతారో రండి" అంది. పరాయి ఇంటి ఆడకూతుర్ని ముట్టుకునే ధైర్యం ఎవడికుంది? పోటు నీరు మెడ దాకా వచ్చినా లేవలేదనీ, రొయ్యలు ఆవిడ జడలో గూడు కట్టాయనీ అంటారు. అంత లేదు. టీ వేళ దాకా కూచుంది. కానీ ఆలోపు రెండు జట్లనీ పిలిచి, ఎవరి చేతులెన్నో అడిగి, కూచున్నచోటి నుంచే పంచేసింది. ఆ రోజు నుంచి పంపకం ఆవిడదే.

ఆవిడ న్యాయం చేస్తుందని కొందరంటారు, ఆవిడ గొంతుతో పోటీకి ఎవరూ నిలవలేరని ఇంకొందరు. రెండూ సరైనవే. ఒక్కసారి పంచిందంటే పంచినట్టే. తిరగదోడిన పంపకం ఆవిడ బతుకులో లేదు. ఆ సంగతి ఆవిడే రోజూ ఏదో ఒక వంకన నలుగురికీ గుర్తుచేసేది.

పక్క బుట్ట లక్ష్మణమ్మకి ఒళ్లు మండేది అందుకే. వరసకి ఆడపడుచు, వ్యాపారంలో పోటీ. "ఒక్కరోజు తప్పు పంచకపోవా వదినా? ఆ రోజు నా బుట్టలో సేపలన్నీ ఊరికి ఊరికినే ఇచ్చెత్తాను" అనేది.

"నీ బుట్టలో సేపలు ఊరికినే ఇచ్చినా ఎవలు తింటారే? నిన్నటియి" అనేది గున్నమ్మ.

గున్నమ్మ మొగుడు నూకయ్య. సొంత తెప్ప ఉంది. మాటలు మాత్రం పెళ్లాం వాడుకోగా మిగిలినవి వాడుకుంటాడు. పెద్దవాడు గోవింద్, చిన్నది ఝాన్సీ.

గోవింద్ డిగ్రీ రెండో ఏడులో పుస్తకాలు మూసేసి రైల్వే పరీక్ష రాశాడు. చదువు మధ్యలో మానేసినవాళ్లకి భగవంతుడు తెలివితేటలు విడిగా, నేరుగా ఇస్తాడన్నది ఈ జిల్లాల్లో కాలేజీ మెట్లు ఎక్కి మధ్యలో దిగినవాళ్లంతా ఏకగ్రీవంగా ఒప్పుకునే సంగతి. అతనికి సిగ్నళ్ల విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఆమదాలవలసలో క్వార్టరు. అతను స్విచ్ వేస్తేగాని అటు హౌరా రైలుగానీ ఇటు చెన్నై రైలుగానీ కదలదని మెరకపేట నమ్మకం. గోవింద్ దాన్ని ఏనాడూ ఖండించలేదు.

ఝాన్సీ వేరే రకం. చదువు మొదలెడితే ఆపే చోటు తెలియని పిల్ల. బి.ఫార్మసీ అయింది, చాలదంది. రాజాంలో ఎం.ఫార్మసీ సీటు తెచ్చుకుంది. ఫీజుకి బ్యాంకు అప్పిస్తానంది గానీ, జీతం చీటీ ఉన్నవాళ్లెవరైనా ఆమెతో కలిసి అప్పు పత్రం మీద సంతకం పెట్టాలంది. నూకయ్యకి జీతం ఇచ్చేది సముద్రం, అది చీటీ ఇవ్వదు. గోవింద్ సంతకం పెట్టాడు. చదువు పూర్తయి ఝాన్సీ పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేరింది. తెల్లకోటు వేసుకుని, గాజు గొట్టాల ముందు నిలబడి తీసుకున్న ఫొటో గున్నమ్మ బుట్టలో, తమలపాకుల సంచిలో ఉండేది. కొన్నవాళ్లకి చేపతోపాటు ఆ ఫొటో చూడక తప్పేది కాదు.

వాయిదాలు మొదలయ్యేసరికి గున్నమ్మ అక్కడా పంచేసింది. గోవింద్ జీతం పెద్దది గనక అతను రెండు వంతులు కట్టాలి, ఝాన్సీ ఒక వంతు. ఇద్దరూ కిక్కురుమనకుండా కట్టుకొస్తున్నారు.

తప్పు జరిగింది ఆ తరవాత, ఆ ఏడు పన్ను రిటర్నులు వేసే రోజుల్లో. ఆదివారం పూట ఇద్దరూ ఇంటికొచ్చారు. అరుగు మీద గోవింద్ ఫోను పట్టుకుని కూచున్నాడు. ఝాన్సీ తన ఫోను పట్టుకుని కూచుంది. గున్నమ్మ చేటలో ఎండు నెత్తళ్లు ఏరుతోంది.

"సదువు అప్పుకి కట్టిన వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉన్నాదే అమ్మా. ఎయిటీ ఈ అంటారు" అన్నాడు గోవింద్. "అసలు కాదు, వడ్డీ వరకే. పాత పద్ధతిలో రిటర్ను ఏస్తే వస్తాది."

"ఎవలికి వస్తాది?"

"సదివినోళ్లకే అనుకుంటాను" అంది ఝాన్సీ. "ఎవరెవరు రాసుకోవచ్చో ఒకసారి కనుక్కుందాం అన్నయ్యా."

గున్నమ్మ చేట కింద పెట్టింది. "నువ్వొక్కదానివే లాగినావేటే తాడు? ఆడు రెండు సేతులా లాగతన్నాడు. రెండొంతుల వడ్డీ ఆడు రాసుకుంటాడు, ఒకొంతు నువ్వు రాసుకో. అయిపోనాది."

"అలాగ కాదమ్మా, గవర్నమెంటు రూలు ఎలాగుంటాదో..." అనబోయింది ఝాన్సీ.

"లాగినోడిది వాటా. అంతకన్నా ఏటి రూలుంటాది? గవర్నమెంటు అడిగితే నేను సెప్తాను లే."

"కనుక్కుంటే పోయేదేటి" అని నూకయ్య గోడకేసి చూస్తూ అన్నాడు. ఆయన మాట గోడ వరకే వెళ్లింది.

రిటర్ను ఫారం అడిగినవన్నీ గోవింద్ ఫోనులో కొట్టాడు. బ్యాంకు పేరు, అప్పు నెంబరు, తను కట్టిన వడ్డీ. ఝాన్సీ కూడా అదే బ్యాంకు పేరు, అదే అప్పు నెంబరు, తను కట్టిన వడ్డీ. ఇద్దరికీ పచ్చ టిక్కు పడింది. గున్నమ్మ దృష్టిలో అది ఢిల్లీ పెట్టిన సంతకం.

ఆ మినహాయింపుతో గోవింద్ ఆదాయం సరిగ్గా పన్ను పడని గీత కిందికి దిగింది. జీతంలో ముందే కోసేసిన పన్నంతా వెనక్కొచ్చింది. ఆ డబ్బుతో అతను తండ్రికి కొత్త వల కొన్నాడు. వలకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించిన రోజు గున్నమ్మ రేవంతా వినబడేలా ప్రకటించింది. "ఇన్‌కం టాక్సోడు ఇచ్చిన వల. నా పంపకం వాల్లకీ నచ్చినాది." ఆ వలలో మొదట పడ్డ వంజరం నోట్లో పాన్ కార్డు కనబడిందని చెప్పేవాళ్లు ఉన్నారు. అది వట్టి అబద్ధం. అది వంజరం కాదు, చందువ.

డిసెంబరులో గోవింద్ ఫోనుకి ఒక సందేశం వచ్చింది. మీరు రిటర్నులో చూపిన మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో మరొకసారి సరిచూసుకోండి, వర్తించకపోతే ఏడాది ముగిసేలోగా రిటర్ను సవరించండి అని దాని సారాంశం. ఝాన్సీ ఈసారి ఎవరినీ అడక్కుండా కనుక్కుంది. ఆదివారం ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తుండగా చెప్పింది.

"అన్నయ్యా, ఆ మినహాయింపు నాలుగు రకాల సదువులకే. సొంత సదువు, భార్యదో భర్తదో సదువు, కన్నపిల్లల సదువు, సట్టప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల సదువు. సెల్లెలి సదువు అందులో లేదు."

"కట్టింది నేనే గదా?"

"కట్టింది నువ్వే."

"అప్పు మీద నా సంతకం ఉన్నాది గదా?"

"ఉన్నాది. అయినా రాదు."

గోవింద్ కంచంలో చెయ్యి ఆగిపోయింది. "అంటే అన్నంటే దారినపోయేవోడా? నా జీతం నువ్వు తినొచ్చు, నేను నీకు ఏమీ కానా?"

"రూలు నేను రాసినానేటి? నీ ఉద్యోగానికి రేపు మచ్చ రాకూడదని సెప్తన్నాను."

"సదువుకున్నదానివి. నీకు రూలు ముద్దు. నేను మార్చను. ఏటి సేసుకుంటాడో సేసుకోమను."

గోవింద్ కంచంలో నీళ్లు పోసేసి బండెక్కి వెళ్లిపోయాడు. కొడుకు అన్నం ముందు నుంచి లేవడం గున్నమ్మ ఇంట్లో అదే మొదలు. ఆ తరవాత ఝాన్సీ ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు. అమ్మ చేస్తే ఎత్తేవాడు గానీ, చెల్లెలి మాట వస్తే "డ్యూటీలో ఉన్నాను" అనేవాడు. ఏడాది ఆఖరు దగ్గరపడుతోంది.

గున్నమ్మ కంగారుపడలేదు. కంగారుపడడం ఆవిడకి అలవాటు లేదు. ప్రతి ధరకీ ఒక బేరం ఉన్నట్టే ప్రతి రూలుకీ ఒక బేరం ఉంటుందని ఆవిడ లెక్క. శుక్రవారం చేపలు తొందరగా అమ్మేసి, మంచి ఎండు నెత్తళ్లు ఒక పొట్లం కట్టుకుని, శ్రీకాకుళం బస్సెక్కింది.

అరసవల్లి వెళ్లే రోడ్డులో, పూజా సామాన్ల కొట్టు మేడ మీద చినబాబు ఆఫీసు. ఉద్యోగస్తుల పన్ను రిటర్నులు రాసి బతికే మనిషి. ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా పొందూరు ఖద్దరు చొక్కా, దాని జేబులో రెండు పెన్నులు. రైల్వేవాళ్లంతా అతని దగ్గరికే వస్తారని గోవింద్ ఒకప్పుడు చెప్పిన గుర్తు. గున్నమ్మ పొట్లం బల్ల మీద పెట్టేసరికి, తమ రిటర్నుల కోసం వచ్చి చల్లటి ఏసీ గదిలో కూచున్న బడి మేస్టర్లందరూ ఒక్కసారిగా కిటికీ వైపు జరిగారు.

విషయమంతా విని చినబాబు తల అడ్డంగా ఊపాడు. "మీ అబ్బాయికి రాదమ్మా."

"అదేటి బాబూ, తండ్రి తరవాత తండ్రి గదా అన్నంటే?"

"మనిళ్లలో అంతే. చట్టంలో కాదు."

"సంరచ్చకుడు అని ఉన్నాదంట గదా. ఆడే సంరచ్చకుడు. రాసీ."

"దానికి చట్టప్రకారం సంరక్షకుడై ఉండాలి. మీ అమ్మాయికి అప్పటికే ఓటు హక్కుంది తల్లీ, ఆవిడకి ఇంకొకళ్ల సంరక్షణేమిటి?"

"పోనీ ఆడి వాటా నా పేర రాయి. నేను తల్లిని. కన్నపిల్లల సదువు ఉన్నాది గదా అందులో."

"అప్పు మీద మీ సంతకం ఉందా? వడ్డీ మీరు కట్టారా? అసలు మీకు పన్ను పడుతుందా?"

గున్నమ్మ మూడిటికీ లేదనే చెప్పాల్సొచ్చింది. వెనక మేస్టరు ఒకాయన నవ్వాపుకున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూస్తే ఆపుకున్నది పూర్తిగా ఆగిపోయింది.

"పోనీ బాబూ, ఆఖరి మాట. ఆడపిల్లే మొత్తం రాసుకుంటాది. దాని సదువే గదా."

"ఆవిడ కట్టిన వడ్డీ వరకే ఆవిడది. అన్న కట్టింది కూడా తను కట్టినట్టు రాస్తే అది ఇంకో తప్పు. ఒకే అప్పు నెంబరు రెండు రిటర్నుల్లో కనబడబట్టే పన్ను శాఖవాళ్లకి అనుమానం వచ్చుంటుంది. మళ్లీ అదే దారిలో వెళ్లకండి."

"మరి ఆడు కట్టిన ఆ రెండొంతులూ ఎవలియి?"

"ఎవరివీ కావమ్మా."

ఇన్నేళ్లలో ఎవరిదీ కాని వాటా గున్నమ్మ చూడలేదు. కాకి ఎత్తుకుపోయిన చేపని కూడా, కాకిని చూడకుండా దిక్కులు చూసినవాడి వాటాలో వేసిన మనిషి ఆవిడ.

చినబాబు గొంతు తగ్గించాడు. "పెద్ద గొడవేం కాదమ్మా. సవరించి, వెనక్కొచ్చింది వడ్డీతో కట్టేస్తే అయిపోతుంది. వచ్చేసారి నుంచి కొత్త పద్ధతిలోకి మారితే వీళ్లిద్దరి జీతాలకీ పన్నే పడదు. ఈ మినహాయింపుతో పనే ఉండదు. గడువు మాత్రం దాటనివ్వకండి. అబ్బాయి గవర్నమెంటు ఉద్యోగి, తెలిసీ ఉంచుకున్నాడనిపించుకోవడం ఎందుకు?"

"నెత్తళ్లు ఎండలో పెట్టు బాబూ. ఇక్కడ చలికి మెత్తబడిపోతాయి" అని చెప్పి గున్నమ్మ మెట్లు దిగింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని ఆవిడ ఈ సంగతిని అటూ ఇటూ తిప్పి చూసింది. గోవింద్‌ని చాటుగా పిలిచి "కట్టెయ్యరా" అంటే కట్టేస్తాడు. తల్లి మాట కాదనడు. కానీ కట్టాక వాడి మనసులో ఏం మిగులుతుంది? తాడు లాగి ఉత్త చేతుల్తో ఇంటికొచ్చినవాడి కడుపుమంట మిగులుతుంది. ఆ మంట చట్టం మీదికి పోదు, చట్టానికి మొహం లేదు. చెల్లెలి మీదికి పోతుంది. ఆ పిల్ల కనుక్కుందామంటే నోరు మూయించిందెవరు? లాగినోడిది వాటా అని తీర్పు చెప్పిందెవరు? పిల్లల కంచంలో పడిన తప్పుని, అది ఎవరిదో వాళ్ల కంచంలోకే మార్చాలి. మారిస్తే లక్ష్మణమ్మ పండగ చేసుకుంటుంది. రేవులో రేపట్నుంచి ప్రతివాడూ వాటా దగ్గర గొణుగుతాడు.

బస్సు దిగేసరికి ఆవిడ తేల్చేసుకుంది. గొణిగితే గొణుగుతారు, వాళ్లకన్నా తన గొంతు పెద్దది.

గోవింద్‌కి ఫోను చేసింది. "ఆదివారం పొద్దున్న రేవుకి రా. పనుంది."

"ఝాన్సీ వస్తాదేటి?"

"సముద్రం వస్తాది, నీ నాన్న వస్తాడు, ఊరంతా వస్తాది. నువ్వు రా."

ఆదివారం తెప్పలు దండిగా పట్టుకొచ్చాయి. గున్నమ్మ వేలం పాడింది, ఆయిలు ఖర్చు తీసేసింది, తెప్ప వాటా, వల వాటా, చేతుల వాటాలు ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది. జనం లేవబోయారు. గోవింద్ తెప్పకి ఆనుకుని ఒక చివర నిలబడ్డాడు. ఝాన్సీ చెప్పులు చేత్తో పట్టుకుని ఇంకో చివర నిలబడింది.

"ఆగండి. ఇంకో పంపకం ఉన్నాది" అంది గున్నమ్మ. "మొన్న మా ఇంట్లో పిల్లల పన్ను కాడ ఒక వాటా ఏసినాను. అది తప్పు. మన రేవు పద్ధతి ఎత్తుకెళ్లి వాల్ల కాయితంలో పెట్టీసినాను. అక్కడ లాగినోడిది కాదు వాటా, వాల్ల వరస వేరే. ఝాన్సీ కనుక్కుందామన్నాది, నేను ఆ మాట పడనివ్వనేదు. తప్పు దానిది కాదు. ఆడిదీ కాదు. నాది. ఆ పంపకం తిరగతోడతన్నాను."

ఆ క్షణంలో కెరటాలు ఒడ్డుకి రావడం ఆపి, వెనకున్నవాటికి చెయ్యి అడ్డం పెట్టి "ఆగండర్రా" అన్నాయని చూసినవాళ్లు చెప్తారు.

ముందు తేరుకున్నది కుర్రాళ్లు. "లక్ష్మణమ్మత్తా, బుట్ట దించు! సేపలు ఊరికినే ఇస్తానన్నావు!"

లక్ష్మణమ్మ బుట్ట మీద పైటకొంగు కప్పేసింది. "తప్పు ఎవలో పట్టుకుంటే ఇస్తానన్నాను గానీ, ఇలాగ టముకేసి ఒప్పేసుకుంటే నాకేటి సరదా? ఎల్లండెల్లండి." బుట్ట ఎత్తుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టు, "ఒప్పుకునేటప్పుడు కూడా మన మీద అరిసినట్టే ఒప్పుకుంటాది" అంది.

గున్నమ్మ కొడుకు వైపు తిరిగింది. "గోవిందూ, గవర్నమెంటు సొమ్ము గవర్నమెంటుకి కట్టీ. రేపే. కట్టీసినాక ఆ వల నీ సొంత డబ్బుతో కొన్నట్టు. వల ఎవలు కొంటే వల వాటా వాల్లదే గదా ఇక్కడ? ఇయ్యాల్టి నుంచి ఈ తెప్ప మీద వల వాటా నీది. నీ నాన్న కూడా ముట్టడానికి నేదు."

నూకయ్య తలూపాడు.

"ఝాన్సీ, వచ్చే నెల నుంచి వాయిదా మొత్తం నీదే. నీ జీతం పెరిగినాది."

"నేనూ అదే అందామనుకున్నాను. ఈ ఇంట్లో ఎవలు అననిస్తారు?" అంది ఝాన్సీ.

గోవింద్ కాలి బొటనవేలితో ఇసక తవ్వుతున్నాడు. "నాకు వల వాటా ఎందుకే అమ్మా, రైల్వేవోడికి? నేను అడిగింది డబ్బా?" అని, చెల్లెలి వైపు చూడకుండానే చెల్లెల్ని అడిగాడు. "నేను లాగింది లాగినట్టా, కాదా? అది సెప్పమను ముందు."

ఊరంతా ఝాన్సీ వైపు చూసింది. తెల్లకోటు లేదు, గాజు గొట్టాలు లేవు, కాళ్లకి ఇసక.

"లాగినావు అన్నయ్యా. నువ్వు సంతకం పెట్టకపోతే నేను రాజాం బస్సే ఎక్కేదాన్ని కాదు. రూలులో నేకపోతే నేకపోనీ." చేతిలో చెప్పులు ఇసకలో పడేసింది. "లాగినోడు ఫోను ఎత్తొచ్చు గదా?"

గోవింద్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి సముద్రం వైపు తిరిగాడు గానీ భుజాలు ఊగుతుంటే వెనకనుంచే తెలిసిపోయింది. ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. మారు వడ్డన కూడా అడిగాడు. మర్నాడు డ్యూటీ దిగి చినబాబు దగ్గరికి వెళ్లి, రిటర్ను సవరించి, కట్టవలసింది కట్టేసి, రసీదు ఫొటో చెల్లెలికి పంపాడు. ఝాన్సీ దానికి రైలింజిను బొమ్మ ఒకటి తిరిగి పంపింది.

వల వాటా అతను వద్దన్నా ప్రతి ఆదివారం లెక్కకట్టి గున్నమ్మ పక్కన పెడుతోంది. రేవులో వాటాల దగ్గర గొణుగుడు ఒక వారం వినబడింది. ఒక కుర్రాడు లేచి, "అత్తా, ఇది కూడా తిరగతోడతావేటి?" అన్నాడు. "తప్పయితే తిరగతోడతాను. నువ్వు లాగినప్పుడు తాడు వదిలీసి బీడీ ఎలిగించుకున్నావు, అదీ తోడమంటావా?" అంది. కుర్రాడు కూచున్నాడు. ఆ తరవాత గొణుగుడు లేదు.

ఇక ఈ కథ ఒడ్డున ఉంటుందా? పొందూరు వెళ్లేసరికి గున్నమ్మ విశాఖపట్నంలో పన్ను ఆఫీసుకి వెళ్లి, కమిషనరు బల్ల మీద చేపల బుట్ట దించి, "అన్న అనే మాట సట్టంలో రాసేదాకా బుట్ట ఎత్తను" అని భీష్మించుకుని కూచుందని అయింది. రాజాం చేరేసరికి ఆ వాసనకి భయపడి అన్నలకీ అక్కలకీ కలిపి జీవో ఇచ్చేశారని అయింది. విజయనగరంలో ఆవిణ్ణి ఢిల్లీకి పిలిపించి, రాష్ట్రాల వాటాలు పంచమని బతిమాలుతున్నారట. మొన్నొక రోజు రైల్వే ఉద్యోగులు నలుగురు, పాపం చెల్లెళ్ల చదువులకి అప్పులు కడుతున్నవాళ్లే, ఆ జీవో నెంబరు కనుక్కుందామని పనిగట్టుకుని మెరకపేట వచ్చి గున్నమ్మ బుట్ట ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆవిడ చేప పొలుసు గీకడం ఆపకుండానే చెప్పింది.

"అలాటిదేం నేదు బాబూ. నేను శ్రీకాకుళం దాటి ఎక్కడికీ ఎల్లనేదు, ఆపీసరు ఎవలూ ఇక్కడికి రానేదు. వాటా తప్పు ఏసినాను, నా కొడుకు డబ్బు తిరిగి కట్టీసినాడు. అంతే."